బ్యాటరీ ఆగిపోయిందా? బీఎంఎస్ మార్చే ముందు ఈ కొలతలు తీయండి

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క సమస్య తీసుకుంటున్నాను. నిన్నటిదాకా బాగా నడిచిన ఎలక్ట్రిక్ స్కూటరో, ఈ-సైకిలో పొద్దున తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, మీటర్ ఒకసారి అలా పెట్టి "బీఎంఎస్ పోయింది, మార్చాలి" అంటాడు. కొంతమందైతే "బీఎంఎస్ తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా, ఇంకా బాగా లాగుద్ది" అని కూడా అంటారు. మొదటి మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి? రెండో మాట ఎందుకు వినకూడదు? ఈరోజు టాపిక్ ఇదే.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. బ్యాటరీని ఆపేసిన బీఎంఎస్ చాలాసార్లు పాడైపోయింది కాదు, తన డ్యూటీ తాను చేసింది. ఇంట్లో ఎంసీబీ పడిపోతే ఎంసీబీని తిట్టం కదా, ఎక్కడ షార్ట్ అయిందో వెతుకుతాం. ఇక్కడ కూడా అంతే. బీఎంఎస్ మీద నేరం మోపాలంటే ముందు సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ఒక మామూలు మల్టీమీటర్‌తోనే దొరుకుతుంది.

అసలు బీఎంఎస్ చేసే పనేంటి?

బీఎంఎస్ అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఉదాహరణకి ఈ 48 వోల్టుల ప్యాక్ తీసుకుందాం. ఇందులో 52 సెల్స్ ఉన్నాయి. నాలుగేసి సెల్స్‌ని పక్కపక్కన ప్యారలల్‌గా కలిపి ఒక గ్రూపు చేశారు. అలాంటి 13 గ్రూపుల్ని వరసగా సిరీస్‌లో కలిపారు. దీన్నే 13ఎస్ 4పీ అంటారు. ఇది ఎన్‌ఎమ్‌సీ రకం కాబట్టి ఒక్కో గ్రూపు ఫుల్ అయితే 4.2 వోల్టులు. పదమూడూ కలిపితే 54.6. చార్జర్ మీద రాసుండేది ఆ నంబరే.

చార్జర్‌కి కనపడేది మొత్తం 54.6 ఒక్కటే. లోపల ఏ గ్రూపు ఎలా ఉందో దానికి తెలీదు. బీఎంఎస్‌కి తెలుసు. ప్రతి గ్రూపు నుంచి ఒక సన్నటి వైర్ బీఎంఎస్‌కి వస్తుంది, వాటిని బ్యాలెన్స్ వైర్లు అంటారు. ఏ ఒక్క గ్రూపు 4.25 దాటబోయినా చార్జింగ్ ఆపేస్తుంది. ఏ ఒక్క గ్రూపు 2.8 దగ్గరికో, ఇంకాస్త కిందికో పడినా బండికి కరెంట్ ఆపేస్తుంది. ఈ నంబర్లు బీఎంఎస్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. షార్ట్ అయినా, కరెంట్ మరీ ఎక్కువ లాగినా, వేడి ఎక్కువైనా కూడా ఆపుతుంది. ఆపే పని చేసేవి మాస్‌ఫెట్లు. చప్పుడు చేయని స్విచ్‌లు అనుకోండి. ఒక జట్టు చార్జింగ్‌కి, ఇంకో జట్టు డిశ్చార్జింగ్‌కి.

మీటర్ పట్టుకునే ముందు

ఇక్కడ స్కిప్ చేయొద్దు. వారంటీ ఉన్న ప్యాక్, కంపెనీ సీల్ చేసిన ప్యాక్ అయితే ఇంట్లో విప్పకండి. సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. ఈ ఎపిసోడ్ వాళ్ళని సరైన ప్రశ్నలు అడగడానికి పనికొస్తుంది. విప్పే అలవాటు లేనివాళ్ళు తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని చూడండి.

విప్పేవాళ్ళు చేతికున్న ఉంగరం, కడియం, మెటల్ వాచ్ తీసేయండి. 48 వోల్టులు షాక్ పరంగా అంత పెద్దది కాకపోవచ్చు, కానీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారతాయి. ఉంగరం క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. 72 వోల్టుల ప్యాక్ ఫుల్ చార్జ్‌లో 84 దాకా ఉంటుంది, దాంతో షాక్ కూడా ప్రమాదమే.

ఇంకొకటి. మల్టీమీటర్ ఎర్ర వైర్ వోల్టేజ్ సాకెట్‌లోనే ఉందో లేదో రెండుసార్లు చూడండి. ఆంపియర్ సాకెట్‌లో ఉంచి బ్యాటరీకి పెడితే మీటరే షార్ట్ వైర్ అయిపోతుంది. సెల్ ఉబ్బినా, తియ్యటి కెమికల్ వాసన వచ్చినా, ప్యాక్‌లో నీళ్ళు దిగినా కొలతలు వద్దు. ప్యాక్‌ని ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టేయండి.

మొదటి కొలత: లోపల ఎంత, బయట ఎంత

బీఎంఎస్ బోర్డు మీద రెండు ముఖ్యమైన చోట్లు ఉంటాయి. సెల్స్ నుంచి వచ్చే మైనస్ లావు వైర్ బీ మైనస్. బండికి వెళ్ళే మైనస్ పీ మైనస్. ప్లస్ వైర్ చాలా ప్యాకుల్లో బీఎంఎస్‌తో సంబంధం లేకుండా నేరుగా బయటికి వెళ్ళిపోతుంది.

ఎర్ర ప్రోబ్ ప్యాక్ ప్లస్ మీద ఉంచి, నల్లది ముందు బీ మైనస్ మీద పెట్టండి. ఉదాహరణకి 47 వచ్చిందనుకోండి. ఇప్పుడు నల్లది పీ మైనస్‌కి మార్చండి. అక్కడా 47 వస్తే, లోడ్ లేనప్పుడు బీఎంఎస్ తలుపు తెరిచే ఉన్నట్టు కనిపిస్తోంది. సున్నానో, 20, 30 లాంటి అర్థంలేని నంబరో వస్తే తలుపు మూసేసినట్టు. మూసి ఉన్నా మాస్‌ఫెట్ల గుండా కొంచెం లీకేజీ ఉంటుంది, మీటర్ దాన్నే చూపిస్తుంది. అది ఉత్తుత్తి వోల్టేజ్. బల్బు పెడితే మాయమైపోతుంది.

ఆ బల్బు ఎలాగంటే, ఆటో, కారు ఇండికేటర్లకి వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బులు నాలుగు సిరీస్‌లో కలపండి. 48 వోల్టులకి చవకైన లోడ్ తయారు. దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. బాగా వేడెక్కుతుంది కాబట్టి ప్యాక్‌కి దూరంగా ఉంచండి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. లోపల 47 ఉంది, బయటికి రావట్లేదు, కాబట్టి బీఎంఎస్ పోయింది అని తేల్చేస్తారు. ఆగండి. తలుపు ఎందుకు మూసిందో మనం ఇంకా అడగనే లేదు.

రెండో కొలత: ఒక్కో గ్రూపు విడిగా

ఎపిసోడ్ మొత్తంలో ఒక్క కొలతే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. బ్యాలెన్స్ కనెక్టర్ వెనక వైపు నుంచి పక్కపక్క పిన్నుల మధ్య వోల్టేజ్ చూస్తూ వెళ్ళండి. ప్రోబ్ కొన రెండు పిన్నులకి ఒకేసారి తగలకూడదు. అవసరమైతే ప్రోబ్‌కి టేప్ చుట్టి కొన మాత్రమే బయట ఉంచండి. పదమూడు రీడింగులు ఫోన్‌లో నోట్ చేసుకోండి.

మనం అనుకున్న 47నే విడదీద్దాం. పన్నెండు గ్రూపులు 3.7 చొప్పున ఉంటే 44.4. పదమూడోది 2.6. కలిపితే సరిగ్గా 47. మొత్తం చూస్తే సగం చార్జ్ ఉన్న ఆరోగ్యమైన ప్యాక్ లాగానే ఉంది. కానీ ఒక గ్రూపు అడుగంటింది. బీఎంఎస్ దాన్ని చూసి ఆపేసింది. అది చేయాల్సింది కూడా అదే. ఇక్కడ కొత్త బీఎంఎస్ వేసినా అదీ ఆపేస్తుంది. డబ్బులు పోయాయి, సమస్య అక్కడే ఉంది.

అన్ని గ్రూపులూ 3.0కి 4.2కి మధ్య, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా? అప్పుడు బీఎంఎస్ మీద అనుమానం మొదలవుతుంది. అయినా ఒక అవకాశం ఇవ్వాలి. చాలా బీఎంఎస్‌లు షార్ట్ చూసినా, బ్యాలెన్స్ కనెక్టర్ తీసి పెట్టినా, లాక్ అయిపోయి అలాగే కూర్చుంటాయి. బండి వైర్ తీసేసి, చార్జర్ ఒక్క నిమిషం తగిలించండి. చాలావరకు నిద్ర లేస్తాయి. గ్రూపులన్నీ బాగుండి, వేడి లేకుండా, చార్జర్ చూపించినా బల్బు వెలగకపోతే, అప్పుడు సెన్సారూ వైర్లూ కూడా చూసి బీఎంఎస్ పోయిందని అనొచ్చు. ఆ రెండింటి సంగతి కాసేపట్లో చెప్తాను.

గ్రూపు పడిపోయింది సరే, దించిందెవరు?

ఒక గ్రూపే తక్కువైనప్పుడు ఇద్దరు అనుమానితులు ఉంటారు. ఒకటి, ఆ గ్రూపులో సెల్ లోలోపలే లీక్ అవుతోంది. రెండు, బీఎంఎస్సే దాన్ని తాగేస్తోంది.

రెండోది ఎలాగంటే, మామూలు బీఎంఎస్‌లో ప్రతి గ్రూపుకి ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. ఫుల్ చార్జ్ దగ్గర ఎక్కువగా ఉన్న గ్రూపు నుంచి కొంచెం కరెంట్‌ని వేడిగా కాల్చేసి, మిగతావి అందుకునేదాకా ఆగుతుంది. బ్యాలెన్సింగ్ అంటే ఇదే. ఈ కరెంట్ చాలా చిన్నది, 40 మిల్లీఆంపియర్లు అనుకుందాం. ఆ రెసిస్టర్ స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే? రోజంతా 40 మిల్లీఆంపియర్లు అంటే 24 గంటల్లో 960, అంటే దాదాపు 1 ఆంపియర్-అవర్. సెల్ ఒక్కోటి 2.5 అయితే మన గ్రూపు మొత్తం 10 ఆంపియర్-అవర్లు. వారం బండి కదపకుండా ఉంచితే ఆ ఒక్క గ్రూపులో మూడింట రెండు వంతులు గాల్లో కలిసిపోతుంది.

అసలు దొంగని పట్టుకోవడానికి వారం రోజుల పరీక్ష ఉంది. ముందు బ్యాలెన్స్ కనెక్టర్ తీసి, తగ్గిన గ్రూపుని మాత్రమే మిగతావాటి స్థాయికి చార్జ్ చేయండి. ఎన్‌ఎమ్‌సీ సెల్స్‌కి 4.2 వోల్టుల సింగిల్ సెల్ చార్జర్ సరిపోతుంది. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే టీపీ4056 బోర్డుని ఫోన్ చార్జర్‌తో నడిపినా పని జరుగుతుంది. ఆ టైంలో బండి చార్జర్ కనెక్ట్ చేసి ఉండకూడదు, మీరు పక్కనే ఉండాలి. ఆ గ్రూపు చాలాకాలంగా 2 వోల్టులకంటే కింద పడి ఉంటే మాత్రం చార్జ్ చేయొద్దు. అంత కిందికి దిగితే సెల్ లోపలి రాగి కరిగి, మళ్ళీ చార్జ్ పెట్టినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఆ సెల్స్ ఇక పనికిరావు.

ఇప్పుడు కనెక్టర్ తీసేసి ఉంచి ఏడు రోజులు వదిలేయండి. ఆ గ్రూపు మళ్ళీ పడిపోతే దొంగ సెల్. అక్కడ బీఎంఎస్ లేనే లేదు కదా. గ్రూపు నిలబడితే కనెక్టర్ మళ్ళీ పెట్టి ఇంకో ఏడు రోజులు చూడండి. ఇప్పుడు పడిపోతే దొంగ బీఎంఎస్. ఓపిక కావాలి, కానీ ఇంత స్పష్టంగా చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

ఈ లెక్కలోనే ఇంకో మాట దాగుంది. చాలా బీఎంఎస్‌లు ఫుల్ దగ్గరే బ్యాలెన్స్ చేస్తాయి. ఎప్పుడూ 80 శాతం దగ్గరే చార్జర్ పీకేస్తే బ్యాలెన్సింగ్‌కి అవకాశమే రాదు. పైగా గ్రూపుల మధ్య 2 ఆంపియర్-అవర్ల తేడా వచ్చేస్తే, 40 మిల్లీఆంపియర్లతో సరిచేయడానికి 50 గంటలు పడుతుంది. అంత తేడాని బీఎంఎస్ సరిచేయలేకపోతే దాన్ని పాడైందని అనకూడదు.

యాప్ చెప్పేదంతా నిజం కాదు

డాలీ, జేకే, జేబీడీ లాంటి స్మార్ట్ బీఎంఎస్ ఉంటే బ్లూటూత్‌లో గ్రూపు వోల్టేజీలు ఫోన్‌లోనే కనిపిస్తాయి. మంచిదే. కానీ యాప్‌లో కనిపించేది బీఎంఎస్ కళ్ళతో చూసిన వోల్టేజ్. ఆ కళ్ళజోడు సరిగ్గా ఉందో లేదో మీటరే చెప్పాలి.

ఒక గుర్తు చెప్తాను. యాప్‌లో ఆరో గ్రూపు 3.2, ఏడో గ్రూపు 4.2 చూపిస్తోంది. మిగతావన్నీ 3.7. ఆ రెండూ కూడితే 7.4, అంటే రెండు 3.7లకి సరిగ్గా సమానం. పక్కపక్క గ్రూపుల్లో ఒకటి ఎంత తగ్గితే ఇంకోటి అంతే పెరిగిందంటే, వాటి మధ్య ఉన్న బ్యాలెన్స్ వైర్ మీద అనుమానపడండి. సెల్స్ మీద నేరుగా మీటర్ పెట్టి చూడండి. రెండూ 3.7 వస్తే సెల్స్ బాగున్నాయి, వైర్ లూజ్ అయింది. గతుకుల రోడ్డు మీద అదిరి అదిరి సోల్డరింగ్ వదులుతుంది, వాననీళ్ళు తగిలి పిన్నుకి పచ్చటి తుప్పు పడుతుంది. ఒక్క వైర్ సరిచేస్తే అయిపోయే పనికి బోర్డు మొత్తం మార్చేస్తుంటారు.

వేడి సెన్సార్

సెల్స్ మధ్యలో చుక్కంత సెన్సార్ ఉంటుంది, ఎన్‌టీసీ అంటారు. చాలావాటికి 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్స్ ఉంటుంది. బీఎంఎస్ నుంచి దాని కనెక్టర్ తీసి ఓమ్స్‌లో కొలవండి. వేళ్ళ మధ్య పట్టుకుంటే వేడికి రీడింగ్ మెల్లగా తగ్గుతూ రావాలి. ఏమీ చూపించకపోతే వైర్ తెగింది, సున్నా చూపిస్తే షార్ట్. రెండింట్లోనూ బీఎంఎస్‌కి బ్యాటరీ గడ్డకట్టినట్టో, కాలిపోతున్నట్టో కనిపిస్తుంది, అందుకే ఆపేస్తుంది. సెన్సార్ మారిస్తే చాలు.

మన ఎండల సంగతి కూడా చూసుకోండి. మామూలు లిథియం సెల్స్‌ని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదంటారు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో బండి నడిపి వచ్చి వెంటనే చార్జర్ పెడితే కొన్ని బీఎంఎస్‌లు ఒప్పుకోవు. అది ఫాల్ట్ కాదు. గంటో రెండు గంటలో నీడలో పెట్టి మళ్ళీ చూడండి.

మాస్‌ఫెట్లు బాగున్నాయా?

బల్బుల లోడ్ పెట్టి, బీ మైనస్‌కీ పీ మైనస్‌కీ మధ్య వోల్టేజ్ కొలవండి. మంచి బోర్డులో కొన్ని మిల్లీవోల్టుల నుంచి కొన్ని పదుల మిల్లీవోల్టుల దాకా వస్తుంది. 0.5 నుంచి 0.7 వోల్టులు వస్తే, ఒక జట్టు మాస్‌ఫెట్లు ఆన్ అవ్వలేదు, కరెంట్ వాటి లోపలి డయోడ్ గుండా దూరుతోంది. బల్బు వెలుగుతుంది కానీ, బండి లాగే కరెంట్‌కి బోర్డు మసిలిపోతుంది. చార్జింగ్ వైపు ప్రొటెక్షన్ పడినా ఇలాగే ఉంటుంది కాబట్టి, గ్రూపుల్లో ఏదైనా 4.2 దాటి ఉందేమో, సెన్సార్ బాగుందో లేదో ముందు చూసుకోండి. అన్నీ బాగుంటే బోర్డుదే తప్పు.

ఇక అన్నిటికంటే ప్రమాదమైన ఫాల్ట్. మాస్‌ఫెట్ షార్ట్ అయి తలుపు తెరిచే ఉండిపోవడం. బండి హాయిగా నడుస్తుంది, చార్జ్ అవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆపాల్సిన రోజున మాత్రం ఆపదు. దీన్ని పట్టుకోవాలంటే బోర్డుని ప్యాక్ నుంచి పూర్తిగా విడదీసి, మీటర్ డయోడ్ మోడ్‌లో ప్రతి మాస్‌ఫెట్ డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య చూడాలి. ఒక వైపు 0.4, 0.5 లాంటి రీడింగ్ వచ్చి, రెండో వైపు ఏమీ రాకూడదు. రెండు వైపులా బీప్ కొడితే షార్ట్. ఇక బోర్డు విప్పకుండా చూడాలంటే, ఫుల్ చార్జ్ దగ్గరపడినప్పుడు పక్కనే కూర్చుని గ్రూపు వోల్టేజీలు చూడండి. ఏ గ్రూపైనా 4.25 దాటుతున్నా చార్జింగ్ ఆగకపోతే ప్లగ్ పీకేయండి. అంతకుమించి పరీక్షలు వద్దు, ఆ బీఎంఎస్‌ని నమ్మొద్దు.

"డైరెక్ట్ ఇచ్చేస్తా" అంటే ఏమవుతుంది?

ఇప్పుడు లెక్క వేద్దాం. చార్జర్ కరెక్టే, 54.6 దగ్గర ఆగుతుంది. కానీ ఒక గ్రూపు వీక్ అయి 3.0 దగ్గరే ఉండిపోయింది. మిగిలిన 51.6 పన్నెండు గ్రూపులు పంచుకోవాలి. ఒక్కోటి 4.30. వీక్ గ్రూపు 2.0కి పడిపోతే మిగతావి 4.38 దాకా ఎక్కుతాయి. చార్జర్ తప్పు చేయలేదు, గ్రీన్ లైట్ కూడా వచ్చింది. కానీ 48 మంచి సెల్స్ ఓవర్‌చార్జ్ అయ్యాయి. బీఎంఎస్ ఉంటే 4.25 దగ్గరే ఆపేది. తీసేశారు కాబట్టి ఆపేవాళ్ళు లేరు. అదీ రాత్రంతా హాల్లో చార్జింగ్ పెట్టి, ఇంటిల్లిపాదీ పడుకున్నప్పుడు.

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ నుంచి లేచిన మంటలు, పొగ పైనున్న హోటల్‌ని కమ్మేసి 8 మంది చనిపోయారు. అక్కడ బీఎంఎస్ తీసేశారని నేను అనట్లేదు. లిథియం మంట ఒకసారి అంటుకుంటే బయటపడే టైం ఎంత తక్కువ ఉంటుందో గుర్తుచేస్తున్నాను, అంతే. ఆ ఏడాది వరసగా జరిగిన ప్రమాదాల తర్వాత కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిపుణుల కమిటీ వేసింది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ డైరెక్టర్ టాటా నర్సింగ్ రావు దానికి చైర్మన్. ఆ తర్వాత బ్యాటరీల భద్రతకి సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబర్ 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలు చేశారు. బీఎంఎస్ మీద నిబంధనలు అందులో పెద్ద భాగం. దేశం మొత్తం కూర్చుని గట్టిపరిచిన దాన్ని మనం ఒక వైర్ ముక్కతో దాటేయకూడదు.

నిజంగానే మార్చాల్సి వస్తే

తీసేటప్పుడు ముందు బ్యాలెన్స్ కనెక్టర్, తర్వాత బీ మైనస్. పెట్టేటప్పుడు తిరగేసి, ముందు బీ మైనస్, చివర్లో బ్యాలెన్స్ కనెక్టర్. పాత కనెక్టర్ కొత్త బోర్డులో దూరింది కదా అని గుచ్చేయకండి, పిన్నుల వరస వేరే ఉండొచ్చు. కనెక్టర్ పెట్టకముందు నల్ల ప్రోబ్ బీ మైనస్ మీద ఉంచి, ఎర్రది ఒక్కో పిన్ను మీద పెడుతూ వెళ్ళండి. 3.7, 7.4, 11.1, ఇలా మెట్లెక్కినట్టు పెరగాలి. ఒక్క మెట్టు తప్పినా కొత్త బోర్డు పెట్టగానే కాలిపోవచ్చు. బోర్డు కొనేటప్పుడు సిరీస్ సంఖ్య, సెల్ రకం, ఆంపియర్లు మూడూ సరిపోవాలి. ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కి ఫుల్ 3.65, అడుగు 2.5. ఎన్‌ఎమ్‌సీ బోర్డు వాటికి పెడితే ఓవర్‌చార్జ్‌ని అసలు పట్టుకోలేదు. ఇందాక చెప్పిన 4.2 వోల్టుల చిన్న చార్జర్ కూడా వాటికి పెట్టకూడదు.

సరే ఫ్రెండ్స్, మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, పదమూడు గ్రూపుల వోల్టేజీలు రాసివ్వగలవా?" రాసిచ్చి, వాటిని చూపిస్తూ బీఎంఎస్ పోయిందంటే నమ్మొచ్చు. కొలవకుండా పోయిందంటే ఇంకో షాపు చూసుకోండి. కొలవకుండా తీసేస్తానంటే మాత్రం బండి తాళం చేతికివ్వకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.